ఊడిన మోకాలి దిండు

సాయం కోరి వచ్చిన ఆ కోడలు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచిలోంచి అరచేయంత నల్లటి ఫోమ్ దిండు తీసి బల్ల మీద పెట్టింది.

"మా మామయ్యగారి చేతిపనికి మచ్చ పడిందండీ. మీరే దారి చూపించాలి," అంది.

ఊళ్లో అందరూ సర్వేయరమ్మ అని పిలిచే ఆవిడ బీమా కంపెనీలో పాతికేళ్లు విరిగినవీ కాలినవీ చూసి, రిటైరయ్యాక సొంతంగా దర్యాప్తులు మొదలుపెట్టింది. పక్కన ఆవిడ మరిది నోటుపుస్తకం తెరిచాడు. వదిన బుర్ర మీద అతనికెంత గురి అంటే, ఆవిడ తుమ్మినా అందులో ఆధారం వెతుకుతాడు.

సంగతి ఇది. మామగారు ముప్పై ఏళ్లుగా పడవల క్లబ్బులో ప్లాస్టిక్ కయాక్‌ల లోపల దిండ్లు అంటించే పనివాడు. ఒక్క మనిషి పట్టే ఆ పడవ తిరగబడితే, మోకాళ్లతో దిండ్లను అదిమిపట్టే మళ్లీ పైకి లేవాలి. మూడు రోజుల కిందట సాధనలో ఒకమ్మాయి పడవ తిరగబడింది. కుడి దిండు ఊడి కాళ్ల మధ్య ఇరుక్కుంది. బయటికి లాగేసరికి ప్రాణం మీదికొచ్చింది. జిగురు సరిగా వేయలేదని నింద ముసలాయన మీద పడింది. రేపు పొద్దున్న క్లబ్బు ఆయన్ను పనిలోంచి తీసేయబోతోంది. అంతకన్నా ఘోరం, తన చేతులు పాడయ్యాయని ఆయనే నమ్మేశాడు. ముద్ద దిగడం లేదు.

సర్వేయరమ్మ దిండు తిప్పి చూసింది. ఆరిన జిగురు మొత్తం పొరలాగా దాని మీదే ఉంది.

ముగ్గురూ క్లబ్బు షెడ్డుకు వెళ్లారు. దిండు ఊడిన చోట ప్లాస్టిక్ నున్నగా మెరుస్తోంది. దానికి రెండు వేళ్లంత వెనక నల్లటి ఫోమ్ తునకలు అంటుకుని ఉన్నాయి. మరిది గోటితో గీకితే గోరు విరిగింది గానీ తునక రాలేదు.

ముసలాయన తల ఎత్తకుండా తన పద్ధతి చెప్పాడు: గరుకు ఎమరీ కాగితంతో రుద్దడం, గ్యాస్ నీలి మంట ఒక్కసారి పైపైన చూపించడం, ఆ తర్వాతే జిగురు. "ఈ ప్లాస్టిక్ మొండిదమ్మా. మంట చూపిస్తే గానీ జిగురుని పట్టనివ్వదు."

జిగురు డబ్బా ఉండే గది తాళాలు ఆయన దగ్గర ఒకటి, పడవ నడపడం నేర్పే కోచ్ దగ్గర ఒకటి.

కోచ్ తన సొంత పడవ చూపించాడు. అది వేరే రకం గట్టి ప్లాస్టిక్. లోపలి కొక్కేలన్నీ తనే అంటించుకున్నాడట, ఇరవై ఏళ్లలో ఒక్కటీ కదల్లేదట. మంట చూపిస్తారా అని సర్వేయరమ్మ మామూలుగా అడిగింది.

"ప్లాస్టిక్‌కి మంటేమిటండీ, కరగబెట్టుకోడానికా," అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. వదిన కాలక్షేపం చేస్తోందనుకుని మరిది అది రాసుకోలేదు.

ఆసుపత్రిలో అమ్మాయి నీరసంగా చెప్పింది. కుడి దిండు మోకాలికి ఒత్తుకుంటోందని, ముసలాయనకు చెప్పి జరిపించమని కోచ్‌ను అడిగిందట. రెండు రోజుల్లో దిండు ముందుకు జరిగిందట. ముసలాయనకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

మర్నాడు క్లబ్బు అధ్యక్షుడితో సహా అందరూ షెడ్డులో చేరారు. సర్వేయరమ్మ పడవ లోపల వేలు పెట్టి చూపించింది.

"ఈ దిండు రెండుసార్లు అంటించారు. మొదటిసారి ఇదిగో, వెనక. పీకితే ఫోమ్ చిరిగింది గానీ జిగురు వదల్లేదు. అది మంట చూపించిన చెయ్యి. రెండోసారి ముందుకు జరిపి అంటించారు. జిగురంతా దిండుతో ఊడొచ్చింది, ప్లాస్టిక్ నున్నగా మిగిలింది. అది మంట సంగతి తెలియని చెయ్యి. జిగురు గది తాళాలున్నది ఇద్దరి దగ్గరే. అందులో మంట అంటే నవ్వింది ఒక్కరే."

కోచ్ మొహం పాలిపోయింది. అంటించింది తనేనని ఒప్పుకున్నాడు. తన పడవకు పట్టినట్టే దీనికీ పడుతుందనుకున్నాడట. ప్రమాదం జరిగాక చెప్పడానికి ధైర్యం చాలలేదట.

"నన్ను పిలిస్తే రెండు నిమిషాల పని కదయ్యా," అన్నాడు ముసలాయన. "ఎందుకు పిలవలేదు?"

"ఒక దిండు అంటించడానికి... మిమ్మల్ని అడగడం నామోషీ అనిపించింది."

ముసలాయన ఊడిన దిండు చేతిలోకి తీసుకున్నాడు. "నాలుగు రోజుల్నించీ ఆ పిల్లని నేనే చంపబోయాననుకుంటూ బతికానయ్యా."

కోడలు ఆయన భుజం పట్టుకుని ఏడ్చేసింది. అధ్యక్షుడు చేతిలోని తొలగింపు కాగితాన్ని మడిచేశాడు. సర్వేయరమ్మ మాత్రం కోచ్ ఎదుటికి వెళ్లి నిలబడింది.

"పదండి ఆసుపత్రికి. ఈ మాట ఆ అమ్మాయికి మీ నోటితోనే చెప్పాలి."