మాన్యువల్‌లో పెట్టిన ఫోన్

సెల్‌ఫోన్ అంటే బొత్తాలున్న ఇటుకముక్క అనుకునే రోజులవి. మిస్డ్ కాల్ అంటే ఖర్చులేని మాట. "ఇల్లు చేరాను" అన్నా, "కిందికి రా" అన్నా ఒక్క రింగే. ఎంత బాగుండేదో!

నరసాపురంలో బుల్లెమ్మగారి లేసు కంపెనీకి సెల్‌ఫోన్ ఒక్కటే. అది లెక్కలు రాసే రామతులసి దగ్గరుండేది. కంపెనీ తరఫున లేసు శాంపిల్స్ పట్టుకుని చెన్నై బయల్దేరిన ఉదయ్‌భాస్కర్‌కి ఒక రోజు దాన్ని ఇవ్వబోతూ, "ఆగండి, పై రాష్ట్రంలోనూ మోగేలా రోమింగ్ పెట్టి ఇస్తాను" అంది.

"నాకు వచ్చండీ."

"మీకేం వచ్చో నాకు తెలుసు. మొన్న అలారం పెట్టబోయి ఫోన్ మొత్తం తమిళంలోకి మార్చేశారు."

సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్, మాన్యువల్ అని రెండున్నాయి. తులసి మాన్యువల్ నొక్కి, వచ్చిన పేర్లలో మన నెట్‌వర్కునే ఎంచింది. పరాయి ఊరెళ్ళినా చుట్టాలింట్లోనే దిగాలి కదా అని ఆమె లెక్క.

ఫోన్ అందుకున్నవాడు కదల్లేదు. "ఆదివారం మీకు పెళ్ళిచూపులటగా?"

"అవును, తణుకు వాళ్ళు. అయితే ఏంటండి?"

"నేను మీకు ఇష్టమైతే శనివారంలోగా ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి. మా నాన్నగారిని మీ ఇంటికి పంపిస్తాను. రాకపోతే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను."

అనేసి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి పరిగెత్తాడు.

తులసికి ఆలోచించాల్సిందేమీ లేదు. అయినా కాస్త బెట్టు చేసి, శుక్రవారం ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి నంబరు నొక్కింది. కవరేజ్ ఏరియాలో లేరంది ఒక ఆడగొంతు. సాయంత్రమూ అదే మాట. శనివారమూ అదే.

"అడగడమెందుకు, ఫోన్ ఆపేసుకోవడమెందుకు! ఏం మనిషండీ!" అని బుల్లెమ్మగారి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మాన్యువల్‌లో గానీ పెట్టావేంటే? మన నెట్‌వర్క్ చెన్నైలో ఉండదు పిల్లా. ఆటోమేటిక్‌లో ఉంచితే అక్కడున్నదాన్ని అదే పట్టుకుంటుంది."

ఉదయ్ ఏ లాడ్జిలో దిగాడో తులసికి తెలీదు. సిగ్నల్ గీతలు చూసుకునేంత తెలివి అతనికి లేదు. ఈపాటికి ఆశ వదిలేసుకునే ఉంటాడు.

ఇంటికెళ్ళి తండ్రి శ్రీరామమూర్తి మాస్టారికి అంతా చెప్పేసింది, ఏడుపూ రోమింగూ కలిపి. ఆయన అడిగింది ఒక్కటే.

"ఆ అబ్బాయంటే నీకు ఇష్టమేనా అమ్మా?"

"ఆఁ."

"సరే. తణుకు వాళ్ళకి నేను కబురు చేస్తాను. అతనెప్పుడొస్తాడు?"

"రేపు పొద్దున్న పాసింజరుకి."

"నరసాపురం దాటి రైలెక్కడికీ పోదుగా. మనమే ఎదురెళ్దాం."

మర్నాడు ఉదయ్ రైలు దిగి, తల దించుకునే వచ్చి ఫోను, శాంపిల్స్ సంచీ ఆమె చేతిలో పెట్టాడు. "మోగలేదండి. అర్థమైంది."

"ఏం అర్థమైంది మీకు? మొన్నటినుంచీ చేస్తూనే ఉన్నాను! మాన్యువల్‌లో పెట్టి చెడగొట్టింది నేనే. మీరంటే నాకిష్టం. ఇదిగో, నోటితోనే చెప్తున్నాను, చాలా?"

ప్లాట్‌ఫారం మీద జనం ఆగి మరీ చూశారు. మాస్టారు చిన్నగా దగ్గి, "మీ నాన్నగారు ఎక్కడుంటారు బాబూ?" అన్నారు.

"పాలకొల్లులోనండి!" అంటూనే ఉదయ్ దిగిన పెట్టెలోకే మళ్ళీ ఎక్కేశాడు. "ఈ బండే తిరిగి అటు పోతుందండి, తీసుకొచ్చేస్తాను!"

"అది కదలడానికి ఇంకా బోలెడు టైముంది. దిగవయ్యా, కాఫీ తాగుదాం."

దిగలేదు. కిటికీ పక్కన కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. తులసి కూడా ఆ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి మాస్టారే వెళ్ళి కాఫీలు పట్టుకొచ్చి, ఒకటి కిటికీలోంచి అందించారు.