పోతగది మోత

పోత మేస్త్రికి అన్యాయం జరిగింది 1976 వానాకాలంలో. అతను పోసిన బేరింగులే కరిగి, పాతకాలపు కారు ఇంజను కొండ దిగుడులో బిగుసుకుపోయి బండి లోయలో పడిందనీ, డ్రైవరు చావు అతని పాపమేననీ కార్లు బాగుచేసే షెడ్డంతా వేలెత్తి చూపింది. ఏడాది తిరక్కుండా మనిషి పోయాడు.

అప్పట్నుంచి షెడ్డు వెనక లోహం కరిగించి పోసే పోతగదికి చెడ్డపేరు. పొద్దుగూకితే లోపల మోత... ఖంగ్... కాసేపాగి, ఖంగ్. చచ్చినా మేస్త్రికి పని తీరలేదని నవ్వేవాళ్లు కూడా ఆ గోడ పక్కన నడిచేవాళ్లు కాదు.

మేస్త్రి కూతురు ఆ షెడ్డులోనే లేతు మిషను మీద పనిచేస్తుంది. యజమాని ఆమె పెదనాన్న — తోడబుట్టినవాడి మీద నింద పడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్న పెద్దమనిషి.

పదకొండేళ్లకు మళ్లీ అలాంటి కారే వచ్చింది. కంచు బేరింగులు వెయ్యమన్నాడు పెదనాన్న. గట్టివి, కలకాలం ఉంటాయట. ఈ షాఫ్టు మెత్తది, దీనికి తగరం పాలెక్కువున్న వైట్ మెటలే పొయ్యాలి, నూనెలో నలుసొచ్చినా తనలో ఇముడ్చుకుంటుంది, అరిగినా అదే అరిగి షాఫ్టును కాపాడుతుంది అంది ఆమె.

"మీ నాన్నా ఇలాగే వాగి మనిషిని చంపాడు. తెల్లారేసరికి కంచువి ఎక్కాలి. లేదా నువ్వు గేటు బయట ఉండాలి."

కంచు వేస్తే అది షాఫ్టును కొరికి, ఇంజను బిగుసుకుని ఇంకో డ్రైవరు పోతాడు. వెయ్యకపోతే తన కూడు పోతుంది. వైట్ మెటల్ తానే పోసేద్దామని ఆ రాత్రి లాంతరు పట్టుకుని పోతగదికి వెళ్లింది.

తలుపు సందులోంచి... ఖంగ్.

లాంతరు వత్తి పెంచింది. మొండిది — దెయ్యమైతే నాన్నే కదా, నన్నేం పీక్కుతింటాడు అనుకుని తలుపు తోసింది.

లోపల పెదనాన్న. నేలమీద చతికిలబడి, ఒళ్లో అర్ధచంద్రాల్లాంటి బేరింగు చిప్పలు. ఒక్కొక్కదాన్నీ వేలికి వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి వింటున్నాడు.

ఆ పరీక్ష ఆమెకు తెలుసు. పోసిన లోహం చిప్పకు సరిగ్గా అతుక్కుంటే గంటలా మోగుతుంది. లేకపోతే పగిలిన కుండలా పలుకుతుంది. చిప్పల వీపున నాన్న గుర్తు, పక్కనే ఆ కారు నంబరు. కరిగిపోయాయన్న ఆ కారు చిప్పలే — గీత కూడా పడలేదు.

"ఒక్కటైనా... పగిలిన కుండలా పలికిందా, పెదనాన్నా?"

సుత్తి జారింది. పదకొండేళ్లుగా రాత్రిళ్లు తమ్ముడి తప్పు వెతుక్కుంటున్న మనిషి తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా... వీటిని పీకి కంచువి వేసింది నేనే."

ఆమె ఓదార్చలేదు. పనుల రిజిస్టరు తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది. తెల్లారాక ఈ మాట మీ నాలిక మీద నిలవదు, కాగితం మీద పెట్టండి అంది.

ఆయన రాశాడు: 'తమ్ముడు పోసినవి తీసేసి లోయలో పడ్డ ఆ కారుకు కంచు బేరింగులు వేసింది నేను. వేసిన రోజు 1976 జులై 9.'