గొడుగు ఉండీ తడిసినవాడు

మా గొడుగుల ఫ్యాక్టరీలో ఒక గదిలో ఏడాది పొడవునా వాన కురుస్తుంది. పైపుల్లోంచి అరగంట నీళ్లు వదిలి, తెరిచిన గొడుగు లోపలికి ఎన్ని చుక్కలు దిగాయో చూసి రాయడం నా ఉద్యోగం. మూడు దాటితే ఫెయిల్.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ని నేనే. ఉద్యోగంలో చేరే రోజు నాన్న ఒకే మాట చెప్పాడు. "సంతకం పెట్టాక దాని మీద నిలబడు."

ఒక మధ్యాహ్నం ఆ గదిలోకి ఆమె వచ్చింది. ఒక చేతిలో మా కంపెనీ గొడుగు, ఇంకో చేతిలో తడిసి ఉబ్బిన మూడు లైబ్రరీ పుస్తకాలు.

"'ఎంత వానకైనా చుక్క దిగదు' అని రాసింది మీరేనా?"

"కాదండీ, సేల్స్ వాళ్లు. నేనైతే 'అరగంట వానకి మూడు చుక్కలు మించవు' అని రాస్తాను."

"అలా రాస్తే ఎవరైనా కొంటారా?"

"కొనకపోవచ్చు. కానీ తప్పయితే తప్పని తేలిపోతుంది. 'ఎంత వానకైనా' అంటే ఎక్కడ పట్టుకుంటారు? మీరు అడిగితే, అది వాన కాదు, తుఫాను అంటారు."

ఆమె కోపం సగంలో ఆగిపోయింది. పైపుల వానను చూస్తూ అలా నిలబడింది. నీటి వెలుగు ఆమె చెంపల మీద కదులుతోంది. నేను చుక్కల లెక్క తప్పాను. ఆ టెస్ట్ మళ్లీ మొదటినుంచి పెట్టాల్సి వచ్చింది.

"టెస్టర్ గారూ, జోస్యాలు కూడా టెస్ట్ చేస్తారా?"

వాళ్లింట్లో నానమ్మ మాటే వేదవాక్కట. 'తడిసి వచ్చినవాడే నా మనవరాలికి మొగుడు' అందట. వెంటనే అత్తయ్య తన ఆడపడుచు కొడుకుని తీసుకొచ్చింది. అతని భుజం కాస్త తడిసి ఉంది. ఇక ఇల్లంతా ఇతనే అని తీర్మానించేసింది.

"వానాకాలంలో పొడిగా ఎవరొస్తారండీ? పాలవాడూ తడిసే వచ్చాడు."

"మీ నానమ్మ మాట ఎప్పుడూ తప్పలేదా?"

"మా నాన్న పరీక్షలప్పుడు 'శ్రద్ధగా చదివితే పాసవుతావు' అందట. పాసయ్యాడు."

"ఫెయిలయి ఉంటే?"

"శ్రద్ధ చాల్లేదనేది."

"తప్పే దారే లేని మాట నిజమైందని ఎలా చెప్తామండీ?"

మర్నాడు సాయంత్రం నన్ను వాళ్లింటికి తీసుకెళ్లింది. నానమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, నా మాటకి కొలతలు పెడతావట?"

"గట్టిదనుకున్నదానికే టెస్ట్ పెడతామండీ."

ఆవిడకి ఆ మాట నచ్చింది. ఆవిడ చెప్తుంటే నేను రాశాను. ఏ రోజు? వచ్చే ఆదివారం. ఎప్పటిలోగా? ఉదయం పదకొండు లోపు. ఎంత తడవాలి? చొక్కా పిండితే నీళ్లు కారాలి.

"ఇంకా చాలదండీ. ఆ రోజు వానొస్తే వచ్చినవాళ్లంతా సరిపోతారు. మామూలుగా జరగనిది ఒకటి ఉండాలి."

నానమ్మ కళ్లు మూసుకుంది. "చేతిలో గొడుగు ఉంటుంది. ఉండీ తడిసి వస్తాడు."

"అంత తిక్కమనిషి ఎక్కడుంటాడు నానమ్మా?"

"నీకు రాసిపెట్టి ఉంటే ఉంటాడు."

నెరవేరితే అతనితోనే పెళ్లి. లేకపోతే మనవరాలి ఇష్టం.

"ఇంకొకటండీ. ఈ షరతులు తెలిసిన మగవాడు ఆ రోజు పదకొండులోపు ఈ గడప తొక్కకూడదు. తెలిసి నెరవేరిస్తే అది జోస్యం కాదు, నాటకం."

"తెలిసిన మగవాళ్లెవరున్నారు?" అంది ఆమె.

"నేనొక్కణ్నే."

ఆమె నా వైపు చూసింది. అదీ కాగితం మీద రాశాను. నానమ్మ సంతకం పెట్టింది, సాక్షిగా నేను పెట్టాను. అత్తయ్య కంటపడకుండా కాగితం నానమ్మ పెట్టెలోకి వెళ్లింది.

ఆదివారం కుండపోత వాన. పదిగంటలకే వాళ్లింటి ఎదురుగా ఉన్న టైలర్ షాపు అరుగు మీద నిలబడ్డాను. మధ్యలో పది అడుగుల రోడ్డు. దాటితే అన్నీ కుదిరిపోతాయి. కానీ ఆ కాగితం మీద నా సంతకం ఉంది.

పదీ నలభైకి కారు ఆగింది. అత్తయ్య దిగి ఇంట్లోకి పరిగెత్తింది. ఆ అబ్బాయి కార్లోనే కూర్చుని, తెరిచిన తలుపులోంచి చెయ్యి బయటికి చాపాడు. అతని చేతిలో మూసిన గొడుగు. బటన్ నొక్కాడు, తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. అది నేను పాస్ చేసిన గొడుగే.

మూడోసారికి టప్పున విచ్చుకుంది. ఒక్క చుక్క పడకుండా అతను దిగి ఇంట్లోకి వెళ్లాడు. నా ఉద్యోగం మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

పదకొండు దాటింది. ఇంకో అయిదు నిమిషాలు ఆగి రోడ్డు దాటాను.

తలుపు తీసింది ఆమే. వెనక కుర్చీలో నానమ్మ, ఒళ్లో ఆ కాగితం.

"ఏమయ్యా, నీ చేతిలోది ఏమిటి?"

చూసుకున్నాను. మడిచిన గొడుగు. గంటసేపు అరుగు మీద చూరు నీళ్ల కింద నిలబడి కూడా తెరవడమే మరిచిపోయాను. చొక్కా అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"గొడుగుల కంపెనీవాడికి గొడుగు తెరవడం రాదా?" అంది అత్తయ్య.

నానమ్మ గడియారం చూసింది. "పదకొండూ అయిదు. మిగతావన్నీ కుదిరాయి. అయిదు నిమిషాలేగా, చూసీచూడనట్టు వదిలేద్దామా?"

తలూపితే చాలు.

"వద్దండీ. లోపు అంటే లోపే. జోస్యం తప్పింది." ఆమె వైపు తిరిగాను. "నేను జోస్యం నెరవేర్చడానికి రాలేదు. అడగడానికి వచ్చాను. మీకు ఇష్టమైతేనే."

ఆమె నానమ్మ ఒళ్లోంచి కాగితం తీసుకుంది. నా జేబులోంచి పెన్ను లాగి, కింద 'ఫెయిల్' అని రాసింది.

"ఇప్పుడు నా ఇష్టమే కదా నానమ్మా? నాకిష్టమే."

"అయితే నేను వెళ్లొచ్చా? మ్యాచ్ మొదలైపోతుంది," అన్నాడు అత్తయ్య తెచ్చిన అబ్బాయి, ప్రాణం లేచొచ్చినట్టు.

నానమ్మ కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇన్నేళ్లలో మొదటిసారి నా మాట తప్పింది. అదేమిటో, హాయిగానే ఉంది." తడి చొక్కాతోనే నన్ను దగ్గరికి రమ్మని, ఇద్దరి తలల మీదా చేతులు పెట్టింది.

"చల్లగా ఉండండి." తర్వాత నా వైపు వేలు చూపించింది. "ఎంత చల్లగా అని అడిగావంటే ఊరుకోను."

నేను అడగలేదు.