అతుకు గీత

"చెవి వెనక గీత ఉంది. ఈ బొమ్మ తల తీసుకోను," అన్నాడు ఆర్నో.

"అది గీత కాదు, మీ వేలిగోటి మురికి. గోరు కత్తిరించుకుని రండి, అప్పుడు చూద్దాం," అంది థెక్లా తలెత్తకుండా.

వాళ్ళ మొదటి పరిచయం అది. జర్మనీలోని థురింగియా కొండల్లో పింగాణి బొమ్మలు చేసే ఊళ్ళన్నీ తిరిగి, ఎగుమతి కంపెనీకి సరుకు ఏరిపెట్టడం ఆర్నో ఉద్యోగం. నచ్చిన తల బుట్టలోకి, నచ్చనిది పక్కకి. మనుషులనూ అలాగే చూడడం అలవాటైపోయింది. ఆ లెక్కన నోటిదురుసు పిల్లతో వాదన శుద్ధ దండగ. అయినా ఆ ఊరు వచ్చినప్పుడల్లా కాళ్ళు ముందు ఆమె బల్ల దగ్గరికే నడిచేవి. దీనికి మాత్రం ఎంత ఆలోచించినా అతనికి లెక్క కుదరలేదు.

థెక్లా పని తలలను నున్నగా చేయడం. రెండు అచ్చుల మధ్య పోసిన తల మీద, నడినెత్తి నుంచి చెవుల వెనగ్గా మెడ దాకా అతుకు గీత పడుతుంది. ఆరిన మట్టి సుద్దముక్కలా ఉంటుంది, కాస్త గట్టిగా పట్టుకుంటే పొడైపోతుంది. ఆ గీతను తీసేస్తేనే తల బట్టీకి వెళుతుంది. పొద్దుటి నుంచీ ఆ పొడి పీల్చి పీల్చి సాయంత్రానికి ఆమె గొంతు బొంగురుపోయేది. ఇంటి దగ్గర మంచం పట్టిన తండ్రి ట్రౌగాట్. ఆయనకు అన్నీ ఆమే చూసుకోవాలి.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. తండ్రికి బంగాళాదుంప ఉండలు ఉడికించి పెట్టి రావాలని థెక్లా కూడా బయల్దేరింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, తలుపుకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆర్నో అది చూశాడు.

బల్ల మీద ఇంకా ముట్టని తలలు వరసగా ఉన్నాయి. ఆమె తడి స్పాంజితో మట్టి తుడవడం అతను ఎన్నోసార్లు చూశాడు. తనకు తెలిసిన పనే అనుకున్నాడు. చొక్కా చేతులు మడిచి కూర్చుని తలలన్నీ తుడిచేశాడు. గీతలు మాయమయ్యాయి. ఆమె తిరిగొచ్చేసరికి అవి బట్టీ చెక్కల మీదికి చేరిపోయాయి. తోటివాళ్ళెవరో సాయం చేశారనుకుని థెక్లా ఆ సాయంత్రం తొందరగా ఇల్లు చేరింది.

బట్టీ తెరిచిన రోజున ప్రతి తల మీదా గీత తేలింది.

తడి స్పాంజి గీతను కప్పుతుందే గాని తియ్యదు. ముందు సన్నకత్తితో గీత అడుగుదాకా గీకాలి, తర్వాతే స్పాంజి. లేకపోతే నిప్పులో అది మళ్ళీ పైకి లేస్తుంది. అక్కడి పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. జన్మంతా కాలిన తలలే చూసిన ఆర్నోకు పచ్చి తలల సంగతి తెలియలేదు.

మేస్త్రి ఎవాల్డ్ ఆ తలలను థెక్లా ముందు పెట్టించాడు. ఒళ్ళు దాచుకుని పనిచేసే మనిషికి ఇక్కడ చోటు లేదన్నాడు. ఆమెకు వాదించే ఓపిక కూడా మిగల్లేదు. సంచిలో కత్తి, కుంచె సర్దుకోసాగింది.

నోరు మూసుకుంటే, పక్కనే నిలబడ్డ ఆర్నోకు పోయేదేమీ లేదు. చెబితే కంపెనీ దగ్గర పరువు పోతుంది, బహుశా ఉద్యోగమూ పోతుంది. ఇంత తేలికైన లెక్క అతని ముందుకు ఎప్పుడూ రాలేదు.

"మేస్త్రిగారూ, ఇవి తుడిచింది నేను. ఆమె ఆ గంట ఇక్కడ లేదు," అన్నాడు.

ఎవాల్డ్ అతన్ని కిందికీ పైకీ చూశాడు. థెక్లాను సంచి దించమన్నాడు. కాలిన గీతను సానరాయితో, నీళ్ళు పోస్తూ అరగదీయొచ్చని, సరుకు బండి వచ్చేలోగా చేసిపెడితే కంపెనీకి తను ఏమీ రాయనని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ నీళ్ళతొట్టికి చెరోవైపు కూర్చున్నారు. మధ్యాహ్నం వాన మొదలైంది. రాయి మీద రాయి రుద్దినట్టుంది పని. థెక్లా రుద్దుతూనే అడిగింది.

"ఎందుకు ముట్టుకున్నారు?"

"నువ్వు కాసేపు ఊరికే కూర్చుంటావని."

"అడిగి ఉంటే కూర్చునేదాన్నిగా."

"ఇప్పుడు అడుగుతున్నా. రోజూ కూర్చోమని. నా పక్కన."

ఆమె తడిచేత్తో నుదురు తుడుచుకుంది. నుదుటి మీద తెల్లటి చార పడింది.

"మా నాన్న మొదట అడిగేది ఒక్కటే, అతనికి పని వచ్చా అని. ఏం చెప్పమంటారు?"

"రాదని చెప్పు."

"ఆ మాట ఊరే చెబుతుందిలే. నేర్చుకుంటాడని చెబుతా," అంది థెక్లా. చేతిలో ఉన్న తల అతనికి అందించి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

ఆమెకు మెలకువ రాకూడదని, ఆర్నో రాయిని నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దసాగాడు.