చూస్తున్నంతసేపూ దాక్కునే తప్పు

"పదకొండింటికి సొరంగంలో ఎర్ర సిగ్నల్ పచ్చగా మారుతుంది," అన్నాడు చీఫ్. "అక్కడ పక్క పట్టాలమీద ఆగి ఉన్న గూడ్సు బండి మెయిన్ లైనెక్కుతుంది. ఎదురుగా ఎక్స్‌ప్రెస్."

వ్యాన్‌లో గూఢచారి డేగ ఏసీ మెకానిక్ యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు. పది నలభై.

"డ్రైవర్‌కి ఫోన్ చేయండి."

"లోపల ఫోన్ అందదు. డ్రైవర్ మీ అక్క."

డేగ చేతులు ఆగిపోయాయి. అక్కకు తెలిసినంతవరకు తమ్ముడు నిజంగానే ఏసీ మెకానిక్.

"సిగ్నల్ కంట్రోల్ రూంలో నెమలి ఉంటుంది. మనకీ పనిచేస్తుంది, విదేశీ ముఠాకీ పనిచేస్తుంది. ఈరోజు ఎటో ఆవిడకే తెలియాలి."

కంట్రోల్ రూం తలుపు దగ్గర బూడిదరంగు కోటు, ఎర్రటి లిప్‌స్టిక్.

"ఏసీ కారుతోందా?" అడిగాడు డేగ.

"లేదు, నాకే చెమటలు," కోడ్‌మాట అప్పజెప్పింది నెమలి. "ఆలస్యంగా వచ్చారు. కెర్నల్‌లో తప్పు సరిచేసేశాను. వెయ్యి టెస్టులు, ఒక్క క్రాష్ లేదు."

డేగ కూర్చోలేదు. నిలబడే కోడ్ చదివాడు. మడమ నేలను టకటకా కొడుతూనే ఉంది.

కెర్నల్ అంటే సిగ్నల్ యంత్రాన్ని నడిపే లోపలి ప్రోగ్రామ్. మెమరీలో ప్రతి గదినీ ఎందరు వాడుతున్నారో అది లెక్కపెడుతుంది. లెక్క సున్నా అయితే గది ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఒకడు లెక్క చూసి, పెంచేలోపు, రెండోవాడు ఖాళీ చేసి పోతే? మొదటివాడు తనదనుకుని పరాయి గదిలో దూరతాడు. సిగ్నల్ రంగు ఉండాల్సిన ఆ గదిలో ముఠా పచ్చరంగు పెట్టి ఉంచుతుంది.

"మీరు సరిచేసిందేమీ లేదు," అన్నాడు. "మధ్యలో జరిగిందల్లా రాసిపెట్టే ఒక లాగ్ లైను పెట్టారు. అది రాసుకునే ఆలస్యానికి ఇద్దరూ ఢీకొనడం లేదు. కాపలా ఉందని దొంగ దాక్కున్నాడు, అంతే. ఆ లాగ్ పదకొండింటికి దానంతటదే ఆగిపోయేలా టైమర్ ఎవరు పెట్టారు?"

నెమలి నవ్వింది. "కళ్లు బాగానే పనిచేస్తున్నాయే!"

డేగ కీబోర్డు లాక్కున్నాడు. చూడటం, పెంచడం ఒకే దెబ్బలో జరగాలి. మధ్యలో ఎవరూ దూరకూడదు. సున్నా కనిపిస్తే లోపలికి రానివ్వకూడదు. ఆరు లైన్లు. కంపైల్ అయ్యేసరికి పది యాభై ఎనిమిది.

ఆ దిద్దుబాటుకు స్క్రీన్ మొరాయించింది: డిజిటల్ సంతకం లేని ప్యాచ్ చెల్లదు.

"సంతకం కీ ఎక్కడ?"

"నా దగ్గరే. తొందరెందుకు? రెండూ ఖాళీ గూడ్సులే కదా."

"అలా చెప్పారా మీకు? ఎదురుగా వచ్చేది ఎక్స్‌ప్రెస్, తొమ్మిది వందల మంది! ఆగి ఉన్న బండిలో మా అక్క!"

ఆమె ముఖంలో రంగు పోయింది. లిప్‌స్టిక్ మూత తిప్పింది. లోపల పెన్‌డ్రైవ్.

"వెధవలు," అంది, దాన్ని కంప్యూటర్‌లో గుచ్చుతూ.

పది యాభై తొమ్మిది, యాభై ఎనిమిదో సెకను. ప్యాచ్ ఎక్కింది. పదకొండయింది, లాగ్ ఆగింది. గోడమీద బొమ్మలో ఎర్రచుక్క ఒక్కసారి రెపరెపలాడింది.

ఎర్రగానే ఉండిపోయింది. దాని పక్కనుంచి ఎక్స్‌ప్రెస్ గీత సాఫీగా జారిపోయింది.

పదకొండున్నరకు ఫోన్ మోగింది.

"ఒరేయ్, అరగంట పైగా సొరంగంలో ఆపేశార్రా! ఆ సిగ్నల్ ఆఫీసులో ఒక్కడైనా పనిచేస్తాడా?"

"నాకేం తెలుసక్కా, ఏసీ మెకానిక్‌ని."

"అదీ అబద్ధమే. మా ఇంట్లో ఏసీ నెల నుంచి కారుతూనే ఉంది."