ఉతకకూడని స్వెటరు

ఆగస్టు వచ్చిందంటే గ్లెనిస్ ప్రాబర్ట్ ఇంట్లో గడియారంతో పనిలేదు. తెల్లవారగానే చివరి గదిలోని టెర్రియర్ ఒక్క అరుపు అరుస్తుంది. పక్కగది కుక్క వంత పాడుతుంది. ఆ తర్వాత వరస వరసంతా అందుకుంటుంది. చుట్టుపక్కల జనం స్పెయిన్‌కో, ఏదో ఒక సముద్రపు ఒడ్డుకో పోయి ఇసకలో పొర్లుతుంటే, వాళ్ళ కుక్కలూ పిల్లులూ వేల్సులోని ఈ కొండవాలు మీద, ఒకప్పటి గొర్రెల కొట్టాల్లో చుట్టాల్లా దిగుతాయి. లోకమంతా సెలవుల్లో ఉన్నప్పుడు నడుం విరిగేలా చాకిరీ చేసే ఇల్లది. ముప్పై ఏళ్ళుగా గ్లెనిస్ సముద్రాన్ని చూసింది జనం పంపే కార్డుల మీదే.

ఆ ఉదయం రబ్బరు బూట్లు తొడుక్కుని ఆమె వెళ్ళేసరికి కోడలు టామ్సిన్ అప్పటికే కుక్కల వరసలోంచి బయటికొస్తోంది. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో బకెట్టు.

"నాకంటే ముందు నువ్వెందుకు తిరుగుతున్నావు? నా చూపు ఆనట్లేదనా?"

"నిద్ర పట్టలేదు గ్లెనిస్. ఊరికే ఒక చుట్టు తిరిగొచ్చాను."

"రోజూ పట్టని నిద్రా?"

టామ్సిన్ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూస్తేనే గ్లెనిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నపు పిల్ల. రెండేళ్ళ కిందట కొడుకు హవెల్‌ని చేసుకుని వచ్చింది. వస్తూనే నేల కడిగే మందు మార్పించింది, గిన్నెలన్నీ మరిగే నీళ్ళలో వేయించింది. "దీని చేతికి దొరికితే కుక్కల్ని కూడా మిషన్లో వేసి తిప్పుతుంది" అని గ్లెనిస్ పోస్టాఫీసులో పదిమందినీ నవ్వించింది.

దానికి తోడు లైసెన్సు గొడవ. చలికాలం రాకముందే కౌన్సిలు వాళ్ళొచ్చి గదులన్నీ చూసి, జంతువుల్ని ఉంచుకునేందుకు కొత్త లైసెన్సు ఇవ్వాలి. ఈసారి టామ్సిన్ పేరు మీద రాయిద్దామని హవెల్ ఈస్టరు నుంచీ పోరుతున్నాడు. "నా ముక్కు పనిచేసినంత కాలం ఈ కొట్టాలు నావే" అని గ్లెనిస్ తేల్చిపారేసింది.

ముక్కు అని ఊరికే అనలేదు. ఈ పని సగం ముక్కు మీదే నడుస్తుంది. చెవిలో పట్టిన చీము, చెడిన కడుపు, షుగరొచ్చిన ముసలి పిల్లి నోట్లోంచి వచ్చే తియ్యటి కంపు, ఇవన్నీ కంటికి ఆనకముందే గ్లెనిస్ ముక్కుకు తెలిసేవి. ఉతికే గదిలో కూడా ఆమెదొక పద్ధతి. మురికి కుప్పలోంచి ఒక్కో గుడ్డా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. వట్టి కుక్క వాసనైతే మిషన్లోకి. మనిషి వాసన ఉంటే, అంటే ఇంటి నుంచి వెంట వచ్చిన దుప్పటో, యజమాని తొడిగి విడిచిన చొక్కానో అయితే, దులిపి మళ్ళీ గదిలోకే. "ఇంటి వాసన ఉతికేశామంటే దానికి ఇల్లు లేకుండా చేసినట్టే" అనేది.

ఆ ముక్కు పోయిన చలికాలం పట్టిన జ్వరంతోనే పోయింది. ఉల్లిపాయ లేదు, కాలిన రొట్టె లేదు. ఉతికే గది తలుపు వెనక మేకుకు వేలాడే గ్విలిమ్ కోటు, మొగుడు పోయాక రోజుకొక్కసారైనా మొహం దాచుకునే కోటు, అదీ లేదు. ఇవాళొస్తుంది రేపొస్తుంది అనుకుంటుండగానే వేసవి వచ్చింది, ముక్కు రాలేదు. అయినా గుడ్డలెత్తి ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆమె మానలేదు. చూసేవాళ్ళకు అనుమానం రాకూడదుగా.

ఆ పొద్దునే ఇడ్రిస్ ప్యూ వచ్చాడు. బడి బస్సు తోలి తోలి రిటైరైన మనిషి. వెనకే ఫ్లాస్, ముసలి గొర్రెల కుక్క, యజమాని నడకకు తన నడక సరిగ్గా సరిపోయినట్టు కుంటుకుంటూ వచ్చింది.

"గుండె కోస్తారట కార్డిఫ్‌లో. ఆ డాక్టరుకి ఇంకా మీసం కూడా రాలేదు. వచ్చేదాకా ఆగుదామంటే ఆగడట" అన్నాడు. తర్వాత సంచిలోంచి బూడిదరంగు ఉన్ని స్వెటరొకటి తీసి, పసిబిడ్డనిచ్చినట్టు అందించాడు. "మా ఆవిడ మెన్నాది. తను పోయిన రోజున కుర్చీ వీపున వేసుంది. అప్పట్నుంచీ నీళ్ళు తగల్లేదు. ఇది మూతి కింద లేందే ఫ్లాస్ పడుకోదు." చూపు కుక్క మీదికి తిప్పాడు. "నేనూ పడుకోననుకో. ఆసుపత్రికి పట్టుకెళ్తే నవ్వుతారని."

"నా చేతిలో పెట్టావుగా, నిశ్చింతగా వెళ్ళు. ఇక్కడ దీన్నెవరూ నీళ్ళలో ముంచరు" అంది గ్లెనిస్, కోడలి వైపు ఓరగా చూస్తూ.

వారం మధ్యలో రెండు తలనొప్పులు ఒకేసారి వచ్చాయి. పిల్లుల వరసలో తెల్ల పర్షియన్ తిండి మానేసింది. కుక్క ఒకపూట తినకపోతే అలిగిందని ఊరుకోవచ్చు. పిల్లి తినకపోతే ఊరుకోకూడదు, లివరు మీదికొస్తుంది. హవెల్ బండి తీశాడు, పిల్లి బుట్టను టామ్సిన్ ఒళ్ళో పెట్టుకుంది, ఇద్దరూ పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. వాళ్ళటు వెళ్ళారో లేదో ఇటు ఫ్లాస్ కడుపు చెడి పక్కంతా పాడుచేసింది.

గ్లెనిస్ ఒక్కతే నేల కడిగి, రబ్బరు చీపురుతో నీళ్ళు తోసి, పక్కగుడ్డలన్నీ చుట్టబెట్టి ఉతికే గదికి మోసుకెళ్ళింది. కొట్టాల దుప్పట్లూ బూడిదరంగువే. ఒక్కొక్కటే ఎత్తింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, లోపల పడేసింది. మరిగే వేడి మీద మీట తిప్పింది.

మిషను ఆగాక తలుపు తీస్తే, దుప్పట్ల మధ్యలోంచి గట్టిపడిన ఉన్ని ముద్దొకటి చేతికి తగిలింది. విప్పి చూస్తే పసిపిల్లకు సరిపోయే స్వెటరు. గుండీలు మాత్రం పెద్దవాళ్ళవి.

ఆమె బోర్లించిన బకెట్టు మీద కూలబడింది. వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది.

గ్లెనిస్ అబద్ధాలాడే మనిషి కాదు. కానీ భయం నోటికి అడ్డం పడితే మాట ఎటు జారుతుందో మనిషి చేతిలో ఉండదు. వంటింట్లో టీ కప్పుల మధ్య ఆ స్వెటరు పడేసి, "ఎవరు చేశారీ పని?" అంది.

హవెల్ తాగుతున్న టీ ఆపాడు. టామ్సిన్ స్వెటరు చేతిలోకి తీసుకుంది. మొహం పాలిపోయింది.

"ఈ ఇంట్లో ఉతుకుడు పిచ్చి ఎవరికుంది?" గ్లెనిస్ గొంతు పెంచింది. "చావుకూ బతుక్కూ మధ్యనున్న ముసలాయన ఇంటి దీపంలా అప్పజెప్పి వెళ్ళాడు. ఏమని చెప్పను? మా కోడలికి శుభ్రం ఎక్కువని చెప్పనా?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. వేల్సు కొండల్లోనూ కుండలు అలాగే పగుల్తాయి.

"వెళ్ళేముందు నేనే వేసుంటాను" అంది టామ్సిన్ మెల్లగా.

"నువ్వెప్పుడేశావే?" హవెల్ తెల్లబోయాడు. "బండిలో కూర్చుని హారన్ మోగించి నన్ను తొందరపెట్టింది నువ్వేగా! ఆ కుక్క పాడుచేసింది మనం వెళ్ళాకేగా!"

"నువ్వు టీ తాగు హవెల్."

"టీ ఏంటి మధ్యలో? అమ్మా, అసలు..."

"తాగమన్నానా!"

అతను తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూసి, కప్పు పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. ఇద్దరాడవాళ్ళ మధ్య ఇరుక్కోవడం కంటే కుక్కల గోలే నయమనిపించినట్టుంది.

గ్లెనిస్ కోడలి కళ్ళలోకి చూసింది. చేయని తప్పు నెత్తిన వేసుకునేవాళ్ళు ఊరికే వేసుకోరు. ఎవరినో కాయడానికి వేసుకుంటారు.

"నీకు తెలుసు" అంది.

టామ్సిన్ తల వంచుకుంది. "మార్చి నుంచి. ఆ చారల గండుపిల్లి మీ చెప్పులో ఉచ్చ పోసింది. మీరు ఆ చెప్పులతోనే పోస్టాఫీసుకి వెళ్ళొచ్చారు."

"పోస్టాఫీసుకా!" గ్లెనిస్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అందుకేనా కౌంటరు వెనకున్న ఆ బీవనమ్మ అంత చలిలో కిటికీ తీసింది?"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో గ్లెనిస్‌కి ఏడుపైపోయింది. ఎంతసేపటికీ ఆగలేదు. టామ్సిన్ పక్కన కూర్చుంది, వీపు మీద చెయ్యి వేసింది.

"తెల్లారే తిరిగేది అందుకా?"

"చెవులూ, నోళ్ళూ, పిల్లులు దొడ్డికెళ్ళే ట్రేలూ వాసన చూసొస్తాను. మీ వెనక తిరిగితే మీకు తెలిసిపోతుందని ముందే తిరుగుతున్నాను."

"ఒక్కమాట హవెల్ చెవిన వేస్తే లైసెన్సు ఆ రోజే నీ చేతికొచ్చేదిగా పిల్లా."

"లైసెన్సు కావాలన్నది మీ అబ్బాయి. నేనెప్పుడైనా అడిగానా? ఏ కంపు దేనికొస్తుందో నాకు సగం కూడా తెలీదు. ముక్కుంది గానీ చదువు రాలేదు. అది నేర్పేవాళ్ళు కావాలి నాకు." స్వెటరు బల్ల మీద పెట్టి, "ఇడ్రిస్‌తో నేను ఉతికానని చెప్తాలెండి. ఆయన దృష్టిలో నేనెలాగూ బ్రిస్టల్ దొరసానినే" అంది.

గ్లెనిస్ లేచి, స్వెటరు తీసుకుని ఫ్లాస్ గదికి నడిచింది.

స్వెటరు ముందు పెడితే ఫ్లాస్ ఒక్కసారి వాసన చూసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. మర్నాడు టామ్సిన్ నేల మీద కూర్చుని, కోడిమాంసం వేళ్ళతో చీల్చి నోటికందిస్తే నాలుగు తునకలు మింగింది. తలుపు సందులోంచి గ్లెనిస్ చూస్తూ నిలబడింది.

ఇడ్రిస్ మేనకోడలి కారులో వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా గుండీల సందులోంచి కట్టు కనబడుతోంది. టామ్సిన్ ముందుకు నడిచి నోరు తెరవబోయింది. గ్లెనిస్ ఆమె మోచెయ్యి పట్టి ఆపింది.

"ఇడ్రిస్, స్వెటరు నేను ఉతికేశాను. చలికాలం నుంచీ నాకు వాసన తెలీదు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. పైగా తప్పు ఈ పిల్ల మీదికి తోశాను." చేతిలోది ముందుకు చాపింది. "ఇదీ మిగిలింది."

ఇడ్రిస్ అందుకున్నాడు. మొహానికి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"సబ్బు" అన్నాడు చివరికి. "సోమవారం వచ్చిందంటే ఇల్లంతా ఉతికేది మెన్నా. దీన్ని రెండేళ్ళు ఉతక్కుండా దాచానని తెలిస్తే గడప తొక్కనిచ్చేది కాదు." నవ్వబోయాడు. పిట్టగోడ మీద కూర్చున్నాడు. "ఎప్పుడో ఒకప్పుడు ఉతకాల్సిందే గ్లెనిస్. కానీ ఆ రోజు నేను ఎంచుకుని ఉంటే బాగుండేది."

ఆ మాట తిట్టు కంటే లోతుగా దిగింది.

హవెల్ గది తలుపు తీశాడు. ఫ్లాస్ కుంటుకుంటూ, తర్వాత కుంటడం మరిచిపోయి వచ్చింది. స్వెటరు వైపు చూడనైనా లేదు. ఇడ్రిస్ కోటు సందులో మూతి దూర్చి, చంక కింద ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుంది. అతను ఒక చేత్తో దాని తల నిమురుతూ, ఇంకో చేత్తో కుంచించుకుపోయిన ఆ స్వెటరు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. పట్టింది.

"ఇప్పుడైతే ఆసుపత్రికి పట్టుకెళ్ళినా ఎవరూ నవ్వరు" అన్నాడు.

మర్నాడు ఉతికే గదిలో కుప్ప మామూలుగానే ఉంది. గ్లెనిస్ పైనున్న దుప్పటి తీసి, అలవాటు కొద్దీ మొహం దాకా తెచ్చి, ఆగింది. పక్కనున్న కోడలి చేతికిచ్చింది.

"ఏముంది?"

టామ్సిన్ వాసన చూసింది. "పొగాకు. కాస్త టోస్టు. ఎవరో మంచం మీద కూర్చుని తినే రకం."

"గదిలో పెట్టు. ఇది?"

"కుక్క. పుల్లగా ఉంది."

"పులుపు చెవులది. ఆ టెర్రియర్‌దేగా? ఎడమ చెవి చూడు, ఇవాళే చూడు. గుడ్డ మిషన్లోకి." ఇంకో గుడ్డ అందిస్తూ, "కౌన్సిలు వాళ్ళొచ్చినప్పుడు కాగితం మీద నీ పేరే రాయించు. ప్రశ్నలకి జవాబులు మాత్రం నేను చెప్తాను" అంది.

"సరే."

కుప్ప అయిపోయింది. టామ్సిన్ మీట తిప్పబోతుంటే గ్లెనిస్ తలుపు వెనక్కి వెళ్ళింది. మేకు మీది కోటు తీసి, ఒక్క క్షణం గుండెకు ఆనించుకుని, కోడలి ముందు పెట్టింది.

"ఇది?"

టామ్సిన్ కోటు కాలర్లో మొహం పెట్టింది. తొందరపడలేదు.

"గొర్రె ఉన్ని జిడ్డు" అంది. "వాన. పిప్పరమింటు బిళ్ళలు."

గ్లెనిస్ కళ్ళు మూసుకుంది. ఆ బిళ్ళల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఉందా ఇంకా?"

"ఉందమ్మా. గట్టిగానే ఉంది."