నుదుటి మీద అంకె

2074 నాటికి విశాఖలో పెద్ద హోటల్లో భోంచేయాలంటే ముందు నుదుటికి తృప్తిబిళ్ళ అంటించుకోవాలి. చూడ్డానికి బొట్టుబిళ్ళంతే ఉంటుంది. అందులోని న్యూరో సెన్సర్ మెదడు సంకేతాలు చదివి, మనిషి ఎంత తృప్తిగా ఉన్నాడో సున్నా నుంచి వంద దాకా అంకె వేసి చూపిస్తుంది. తిన్నాక అంకె డెబ్బై దాటితేనే బయటికి వెళ్ళడానికి హోటల్ తలుపు తెరుచుకుంటుంది. దాటకపోతే వంటకాలు వస్తూనే ఉంటాయి, పైసా తీసుకోరు. తృప్తి లేకుండా ఒక్కరినీ బయటికి పంపకూడదని చట్టం మరి.

దీన్ని కనిపెట్టిన మహానుభావుడు డాక్టర్ సాకేత్. గొంతులో ముద్ద దిగకపోయినా "చాలా బాగుందండీ" అనే మొహమాటం మనవాళ్ళ రక్తంలోనే ఉందని, దాన్ని వదిలించి తీరతానని ఇరవై ఏళ్ళు కష్టపడ్డాడు. ఇప్పుడు పెదవాల్తేరులో, తన వీధి చివరే కొత్తగా వెలిసిన ఖరీదైన ఇటాలియన్ హోటల్లో, భార్య మోక్షిత ఎదురుగా ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆయన నుదుటి మీద ముప్ఫై ఎనిమిది. ఆవిడ నుదుటి మీద నలభై.

ఆరున్నర కావస్తోంది. ఏడింటికి పక్క వీధి సభాభవనంలో మోక్షిత పాట కచేరీ. అరవయ్యో ఏట మొదటి కచేరీ. పద్నాలుగేళ్ళు ఇంట్లో సాధన చేస్తే ఆయన ఒక్కనాడూ కుదురుగా కూర్చుని వినలేదు. "ఈ ఒక్కరోజు ముందు వరసలో కూర్చోండి. జన్మలో ఇంకేం అడగను" అందావిడ. సరేనని చేతిలో చెయ్యి వేశాడు. పైగా కచేరీకి ముందు మంచి భోజనం పెట్టిస్తానని ఇక్కడికి లాక్కొచ్చిందీ ఆయనే.

భోజనం సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. చాటంత పళ్ళెంలో మూడంటే మూడు రవియోలీలు వచ్చాయి. కజ్జికాయల్లా ఉన్నాయి కదా అని ఆశపడి కొరికితే లోపల తడిసిన సున్నం రుచి. తర్వాత వచ్చిన రిసొట్టో జ్వరమొచ్చినవాడికి పెట్టే మెత్తటి అన్నంలా ఉంది, అందులోనూ ఉప్పు లేదు.

"ఎలా ఉంది మేడమ్?" అని అడిగింది బల్లలోని యంత్రం, తియ్యటి గొంతుతో.

"బాగుందమ్మా" అంది మోక్షిత అలవాటుగా. నుదుటి మీది అంకె ముప్ఫై ఒకటికి పడింది.

"క్షమించండి మేడమ్. ఇంకొకటి తెస్తాను."

"ఏవండీ, మీ యంత్రమే కదా. తలుపు తియ్యమని చెప్పండి."

"ఎవరు చెప్పినా వినకుండా చేసింది నేనే" అన్నాడు సాకేత్ నీరసంగా.

మోక్షిత కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ, తను పాడబోయే మొదటి కీర్తన లోలోపల పాడుకుంది. ఏభై, అరవై ఆరు, ఎనభై నాలుగు! తలుపు తెరుచుకుంది. గుమ్మంలో యంత్రపు చెయ్యి నూనెగుడ్డతో ఆవిడ బిళ్ళ తీసేసింది.

"మీరూ ఏదో ఒక మంచి విషయం తలుచుకుని త్వరగా వచ్చేయండి" అని చెప్పి పరుగున వెళ్ళిపోయింది. తలుపు మళ్ళీ మూసుకుంది.

సాకేత్ కళ్ళు మూసుకున్నాడు. మంచి విషయం అంటే ఇంకేముంటుంది? వేదిక మీద మోక్షిత, ఎదురుగా నిండిన సభ, చప్పట్లు. కళ్ళు తెరిచి బల్ల మీది అద్దంలో చూసుకుంటే ఇరవై తొమ్మిది. బిళ్ళ పాడైందనుకున్నాడు. మళ్ళీ తలుచుకున్నాడు, ఈసారి పూలదండతో సహా. ఇరవై నాలుగు. లేచి వెళ్ళి తలుపు మీద గుద్దాడు. తిరమిసు అనే మిఠాయి వచ్చింది, దాని వెనకే ఇంకో తిరమిసు వచ్చింది.

"సార్, ఒక వార్త" అంది యంత్రం. "కచేరీ ముందే మొదలైందట. మొదటి కీర్తనలోనే మేడమ్ గారి గొంతు పట్టేసిందట. జనం లేచిపోతున్నారు."

"అయ్యో పాపం" అన్నాడు సాకేత్. నిజంగానే అన్నాడు. అద్దంలో అంకె నలభై దాటి, అరవై దాటి, డెబ్బై ఎనిమిది దగ్గర నిలిచింది. తలుపు బార్లా తెరుచుకుంది.

"నిజమేనా?" అన్నాడు.

"లేదు సార్. కచేరీకి ఇంకా అయిదు నిమిషాలుంది. మీకు ఏది రుచిస్తుందో వెతికాను, అంతే. వెళ్ళిరండి."

ఆయన ఆ గొంతు నుంచి పారిపోయినట్టు పరిగెత్తాడు. అంతా యంత్రంలో లోపం అని దారి పొడుగునా తనకి తను చెప్పుకున్నాడు. ముందు వరసలో కూలబడ్డాక పక్కాయన చెవిలో చెప్పాడు, "సార్, బిళ్ళ తియ్యడం మర్చిపోయారు. అంకె ఇంకా మారుతూనే ఉంది." సాకేత్ గోటితో గీకాడు. చర్మం లేచింది గానీ బిళ్ళ కదల్లేదు. హోటల్ నూనె లేనిదే అది ఊడదు. ఆ ఏర్పాటు కూడా ఆయనదే.

మోక్షిత పాట మొదలుపెట్టింది. అబ్బ, ఏం పాడిందని! సాకేత్ తలనొప్పి ఉన్నవాడిలా అరచెయ్యి నుదుటికి అదిమిపెట్టి గంటన్నర కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోదామంటే ఇచ్చిన మాట ఉంది. ఆవిడ పాట పాటకీ ఆయన వంకే చూస్తోంది.

చివరి కీర్తన ముగియగానే సభంతా లేచి నిలబడింది. ఆయనా లేచాడు. చుట్టూ చప్పట్లు మోగిపోతున్నాయి. మోక్షిత నమస్కారం పెట్టి, అందరినీ వదిలి ఆయన వైపే చూస్తూ నిలబడింది, ఆయన ఎప్పుడు కొడతాడా అని.

చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ కావాలి. సాకేత్ నుదుటి మీంచి చెయ్యి తీశాడు.